తొమ్మిది అడుగుల చుక్క

వరంగల్,
12 జూలై 2025

శోభక్కా,

"నీ లెన్సుల పురాణం ఫోన్ల ఇనుడు నాతోని కాదు. కాగితం మీద రాయి. రాసేటప్పుడన్న చెయ్యి నొచ్చి జర తగ్గిస్తవ్" అని ఫోన్ పెట్టేశావు కదా, అందుకని రాస్తున్నాను. దుకాణం బిల్లులు తప్ప ఇంకేమైనా రాసి ఎన్నేళ్ళయిందో. అక్షరాలు చూసి నవ్వకు.

సంగతి ఇదీ. నాన్న రీలు కెమెరా నా చేతికి వచ్చేనాటికి దానికి ఒక్కటే లెన్సు, నూట అయిదు. స్టీలు సామాన్ల దుకాణం నడిపేవాడికి కూడా ఒక సరదా ఉండాలని ఈ నాలుగేళ్ళలో వాటిని పదకొండు చేశాను. ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది మొదలుకొని రెండు వందల దాకా ఉన్నాయి. అంకె చిన్నదైతే ఎదురుగా ఉన్నదంతా వెడల్పుగా పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుంది.

వానలు మొదలయ్యాయి. చెమ్మకు అద్దాల్లో బూజు పడుతుందని లెన్సులన్నీ గుడ్డల్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. భవాని అన్నం వండుదామని చెయ్యి పెడితే మానికకు బదులు నూట ముప్పై అయిదు చేతికి వచ్చింది. "ఇంట్ల లెన్సులన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంది. మూడు ఉంచుకుని మిగతావి తీసేస్తానని మాటిచ్చాను.

జనవరి ఆఖర్న మేడారం జాతర. ఒక సంచి, మూడు లెన్సులతో పోయి ఫోటోలు తీయాలని నా కోరిక. ఏ మూడు ఉంచమంటావు? నువ్వు చాలా ఏళ్ళు నాన్న స్టూడియోలో ఉన్నావు కదా, నీకు తోచింది చెప్పు.

నీ తమ్ముడు
సదానందం


నెక్కొండ,
21 జూలై 2025

సదానందానికి,

దీవెనలు చివర్లో ఇద్దాంలే అని మొదలుపెట్టాను. నీ ఉత్తరం రెండోసారి చదివాక అవి కూడా దండగ అనిపించింది.

బియ్యంలో లెన్సులు దాచిన మొనగాణ్ణి నిన్నే చూశాను. బియ్యంలో తవుడు ఉంటుంది, పురుగు ఉంటుంది. బూజు ఒక్కటే పట్టేదానికి పురుగును కూడా తోడిచ్చావు. ఇరవై నాలుగంటే వెడల్పు అని నాకు పాఠం చెప్పావు చూడు, దానికి మీ బావ కూడా నవ్వాడు. ఆయనకు కెమెరా ఏ వైపు నుంచి చూడాలో ఇప్పటికీ తెలియదు.

సరే, ఒకటి అడుగుతాను. నాలుగేళ్ళలో ఎన్ని రీళ్ళు తీశావు? నాకు తెలిసి ఆరు. అందులో ఒకటి లోపల సరిగ్గా చుట్టుకోక తెల్లగా వచ్చింది. ఇంకొకటి నిండా మీ దుకాణం ఎదుటి కరెంటు స్తంభం, పదకొండు లెన్సులతో పదకొండు సార్లు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అది నీ కోసమే పుట్టిన సామెత. నాన్న ఆ ఒక్క లెన్సుతో వరంగల్‌లో సగం మందికి పెళ్ళిచూపుల ఫోటోలు, పరీక్ష హాల్ టికెట్ ఫోటోలు తీశాడు. రెండోది కావాలని ఎప్పుడూ అనలేదు.

ముందు ఫోటో తీయడం నేర్చుకో. తర్వాత లెన్సుల సంగతి చూద్దాం.

శోభారాణి


వరంగల్,
6 ఆగస్టు 2025

శోభక్కా,

నీ నోరు నెక్కొండ పోయినా మారలేదు. ఉత్తరం భవానికి చదివి వినిపించాను. అప్పట్నుంచి "వదినెకు నేనే ఉత్తరం రాస్త" అంటోంది.

నాన్నతో నన్ను పోల్చకు. ఆయన దారి వేరు. అప్పట్లో నేను కరీంనగర్‌లో ఉండేవాణ్ణి కదా, ఇంటికి వచ్చినప్పుడల్లా స్టూడియోలో కూర్చుని చూసేవాణ్ణి. కెమెరా వెనక కన్ను పెట్టేవాడే కాదు. ఎదుటి మనిషి వైపు నవ్వుకుంటూ చూస్తూ, వేలితో రింగు అలా తిప్పి టక్కున నొక్కేవాడు. ఒక్క ఫోటో కూడా మసక వచ్చేది కాదు. ఇక్కడ రీలు కెమెరాల పిచ్చి ఉన్నవాళ్ళం ఏడెనిమిది మందిమి ఆదివారం ఆదివారం కలుస్తాం. ఈ సంగతి చెబితే రిటైర్డ్ లెక్చరర్ కుమారస్వామి గారు లేచి నిలబడ్డాడు. "మీ నాయిన వేలికే కన్నుందయ్యా" అన్నాడు. ఆయన నన్ను ఎవరికి పరిచయం చేసినా ఉప్పలయ్య గారి కొడుకు అనే చేస్తాడు.

నాకు ఆ వేలు రాలేదు. అందుకే లెన్సులు కొన్నాను. తిట్టడం అయిపోయింది కాబట్టి ఇప్పుడైనా చెప్పు, ఏవి ఉంచాలి?

సదానందం


నెక్కొండ,
19 ఆగస్టు 2025

సదానందానికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. తర్వాత ఏడవకు.

ఇరవై నాలుగు అమ్మెయ్యి. దాంతో తీస్తే అమ్మవార్ల గద్దెలతో పాటు నీ చెప్పులు కూడా ఫోటోలో పడతాయి. రెండు వందలు అమ్మెయ్యి. మనిషి దగ్గరికి పోయి "అమ్మా, ఒక ఫోటో తీసుకుంట" అని అడిగే ధైర్యం లేనివాళ్ళు కొనేది అది. నీకు యాభైలు రెండెందుకు? ఒకదానిలో వెలుతురు కొంచెం ఎక్కువ వస్తుందట. దుకాణంలో పగలు ట్యూబులైటు వేయడానికి వెనకాడే మనిషివి, వెలుతురు కోసం లెన్సు కొన్నావా? జూమ్ ఉందే, అది నడవడానికి బద్ధకమైనవాళ్ళది. దగ్గరగా పెట్టి తీసేది చీమలకూ పూలకూ. చీమలు ఎలాగూ నీ బియ్యం డబ్బాలో ఉంటాయి కాబట్టి కావాలంటే ఉంచుకో.

ఆడలేక మద్దెల ఓడన్నది ఒకతె. నువ్వు మద్దెలలే పదకొండు పోగేశావు.

నూట అయిదు గురించి నేనేమీ రాయను. నీ దగ్గరుంది, నీ ఇష్టం. ఆ వేలు కథ మాత్రం ఇంకెక్కడా చెప్పకు. వినడానికి చిరాగ్గా ఉంది.

శోభారాణి


వరంగల్,
4 అక్టోబర్ 2025

అక్కా,

దసరా అయ్యాక రాద్దామని ఆగాను. కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

సలహా అడిగితే సలహా ఇవ్వాలి. నువ్వు నన్ను చిన్నప్పుడు వెక్కిరించినట్టే ఇప్పుడూ వెక్కిరిస్తున్నావు. నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చాయి. ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకుంటే అనుకో. నువ్వు డార్క్‌రూములో ట్రేలు కడిగావు, ఫోటోలు ఆరేశావు, కత్తిరించావు. కాదనను. కానీ లెన్సు సంగతి ఫోటో తీసిన మనిషికి తెలుస్తుంది. నాన్న ఉంటే నాకు ఓపిగ్గా చెప్పేవాడు. ఆయన వేలి గురించి చెబితే నీకు చిరాకెందుకో నాకు అర్థం కాలేదు. కన్నతండ్రి గొప్పతనం చెప్పుకుంటే కూడా ఓర్వలేకపోతే ఎలా?

నా లెక్క నేను తేల్చుకున్నాను. ఇరవై నాలుగు, యాభై, రెండు వందలు ఉంచుకుంటున్నాను. అవును, నువ్వు వద్దన్నవే. మిగతావి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి పట్టుకుపోయాడు.

నూట అయిదు మాత్రం కుమారస్వామి గారికి ఇచ్చాను. జాతర రద్దీలో దానికి కావలసినంత ఖాళీ ఎక్కడ దొరుకుతుంది? ఉప్పలయ్య గారి వేలు తాకిన లెన్సు అని ఆయన ఎన్నాళ్ళ నుంచో అడుగుతున్నాడు. నీకు అక్కరలేనిది, నాకు పనికిరానిది, విలువ తెలిసినవాడి దగ్గర ఉంటే మంచిదే కదా. ఇచ్చేముందు శుభ్రంగా తుడిచాను. రింగు మీద ఎవరో పిల్లలు గోళ్ళరంగు చుక్క పెట్టినట్టున్నారు, మొటిమలా గట్టిగా ఎండిపోయింది. భవాని గోళ్ళరంగు తుడుచుకునే మందుతో పది నిమిషాలు రుద్దితే గానీ పోలేదు. ఇప్పుడు కొత్తదానిలా ఉంది.

సదానందం


నెక్కొండ,
9 అక్టోబర్ 2025

సదానందం,

చుక్క మొత్తం పోయిందా? గోటితో తడిమితే ఏమన్నా తగులుతుందా? ఒక్క ముక్క రాయి చాలు.

శోభారాణి


వరంగల్,
15 అక్టోబర్ 2025

అక్కా,

ఏమీ తగలదు. అంత నున్నగా తుడిచాను. కుమారస్వామి గారు చేతిలోకి తీసుకుని మెచ్చుకున్నాడు కూడా.

ఎందుకడిగావు? కార్డు మీద మూడు ముక్కలు రాశావు, ఒక్క వెక్కిరింపు కూడా లేదు. ఒంట్లో బాగుందా? బావకు ఫోన్ చేస్తే "మీ అక్క ముచ్చట నాకెర్క లేదు బామ్మర్ది, మూడొద్దుల సంది పలుకుత లేదు" అన్నాడు. భయంగా ఉంది, రాయి.

సదానందం


నెక్కొండ,
28 అక్టోబర్ 2025

సదానందానికి,

ఒంట్లో బాగానే ఉంది. వెంటనే రాస్తే నోటికొచ్చిన తిట్లు రాస్తానని ఆగాను. అవి ఇంకా ఉన్నాయి, కానీ ముందు సంగతి చెబుతాను.

ఆ చుక్క పెట్టింది పిల్లలు కాదు. నేను.

తొంభై ఒకటిలో నాన్న రెండు కళ్ళకూ పొరలు వచ్చాయి. ఒక పెళ్ళికూతురి ఫోటో మసక వచ్చింది. మళ్ళీ పిలిపించి తీస్తే మళ్ళీ మసకే వచ్చింది. కెమెరా ఖరాబైందని వాళ్ళకు చెప్పి పంపించి, డార్క్‌రూములోకి వచ్చి తలుపేసుకున్నాడు. "శోభా, నాకు కండ్లు కనవడ్తలేవు బిడ్డా. ఎవలకు చెప్పకు. సదానందానికి అసల్కే చెప్పకు. ఫోటోలు తీసెటోడు గుడ్డోడని తెలిస్తే మన మెట్లు ఎవడెక్కుతడు?" అన్నాడు. దవాఖానకు పోదామంటే, "కన్ను కోస్తే ఉన్న జరంత గూడ పోతది" అని భయం. నేను ఎంత చెప్పినా వినలేదు.

మరునాడు అమ్మ చీర ఒకటి పట్టుకుపోయాను. ఆరు గజాల చీర సగానికి మడిస్తే తొమ్మిది అడుగులు. ఒక కొస కెమెరా స్టాండు దగ్గర, ఇంకో కొస బెంచీ దగ్గర. స్టాండు కాళ్ళకూ బెంచీ కాళ్ళకూ గచ్చులో మేకులు కొట్టించి కదలకుండా చేశాను. కెమెరాలో నేను చూసి, బెంచీ మీద మనిషి కన్ను స్పష్టంగా కనిపించేదాకా రింగు తిప్పి, సరిగ్గా పైన నా గోళ్ళరంగు చుక్క పెట్టాను. ఆరిన తర్వాత దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. నాన్న వేలికి తగిలేంత ఎత్తు వచ్చేసరికి అయిదు చుక్కలు పట్టాయి.

నువ్వు ఊరంతా చాటిన వేలు అదే. కెమెరాకు కన్ను పెట్టకపోవడం ఆయన గొప్పతనం కాదు, పెట్టినా కనిపించదు కాబట్టి పెట్టలేదు. ఎదుటి మనిషి వైపు నవ్వుకుంటూ చూశాడన్నావే, నా గొంతు ఎటు వినిపిస్తే అటు చూసేవాడు. బెంచీ పక్కన నిలబడి గడ్డం ఎత్తింది నేను. పైట సర్దింది, లైటు జరిపింది నేను. అంతా కుదిరాక "ఊఁ, నాయినా" అన్నది నేను. ఆ మాట విన్నాక నొక్కింది మాత్రం ఆయన. నాన్న పోయేదాకా ఏడేళ్ళు ఇలాగే గడిచాయి. నువ్వు అప్పుడు కరీంనగర్‌లో మీ మామగారి దుకాణంలో బిందెలు తూస్తున్నావు.

పొద్దున ప్యాసింజర్‌కు నెక్కొండ నుంచి వచ్చి సాయంత్రం తిరిగి పోయేదాన్ని. మా అత్తగారు ఎన్ని మాటలన్నదో నీకు తెలియదు. ట్రేలు కడగడానికి ఎవరైనా రోజూ రైలెక్కి వస్తారట్రా? ఆ మాత్రం ఆలోచన నీ బుర్రకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నాన్న పోయాక కెమెరా నీకు వచ్చింది. నాకు మూడు ట్రేలు వచ్చాయి. ఒకదానిలో బంతి నారు పోశాను. నేనేమీ అనలేదు. స్టూడియో బోర్డు మీద నా పేరు లేదు, ఫోటోల వెనక ముద్రలో లేదు. అక్కడ నేను పని చేశానని చెప్పడానికి ఈ లోకంలో మిగిలింది ఆ చుక్క ఒక్కటే. అది ఎవరికీ తెలియకపోయినా ఉందిలే, మా తమ్ముడి ఇంట్లో ఉందిలే అనుకుని ఊరుకున్నాను. దాన్ని నువ్వు పది నిమిషాలు కూర్చుని రుద్దావు.

తిట్టాల్సిందంతా తిట్టాక తేలిందేమిటంటే, తప్పు నాది కూడా. "ఆ లెన్సు నాకియ్యి" అని ఆగస్టులో ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నాన్నకిచ్చిన మాట అడ్డం వచ్చింది. దానికంటే ఎక్కువగా నా పొగరు అడ్డం వచ్చింది. నీ దగ్గర చెయ్యి చాపడం నామోషీ అనుకున్నాను. రాస్తుంటే ఏడుపొస్తోంది. ఇది చదివి ఫోన్ చేయకు, ఎత్తను.

శోభారాణి


వరంగల్,
18 డిసెంబర్ 2025

శోభక్కా,

ఫోన్ చేయలేదు. యాభై రోజులు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే ఉత్త చేతులతో రాయడానికి మొహం చెల్లలేదు.

నీ ఉత్తరం చదివిన రోజే కుమారస్వామి గారింటికి పోయాను. నాన్న మాట నేను తప్పాను అక్కా, ఉన్నదున్నట్టు ఆయనకు చెప్పేశాను. విని జాలిపడి ఇస్తాడనుకున్నాను. "కండ్లు కనవడని ఫోటోగ్రాఫరా! ఇది ఇంకా పెద్ద ముచ్చటయ్యా. ఇప్పుడైతే అసల్కే ఇయ్య" అన్నాడు. చూస్తానని నేను తీసుకున్న లెన్సు నా చేతిలోంచి లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎంత చదువుకున్నాడో అంత కఠినుడు. నాలుగు ఆదివారాలు తిరిగాను. నాలుగో ఆదివారం, "నీ సంచిల ఉన్నయి మూడు ఇస్తవా మరి?" అన్నాడు. ఇరవై నాలుగు, యాభై, రెండు వందలు బల్ల మీద పెట్టి నూట అయిదు తెచ్చుకున్నాను.

అంటే పది కొని, నాలుగేళ్ళు తిరిగి, మళ్ళీ నాన్న కెమెరా చేతికొచ్చినప్పుడున్న ఒక్కదానికే వచ్చాను. భవాని "గిదే పని ముందే చేస్తే నా బియ్యం డబ్బ బతికేది కదా" అంది.

స్టూడియో ఉన్న చోటికి కూడా పోయాను. ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. నేలంతా టైల్స్ వేశారు. నీ మేకుల కోసం వంగి చూస్తుంటే దుకాణం ఆయన "ఏం పోగొట్టుకున్నవ్ సేటూ?" అని అడిగాడు. ఏం చెప్పాలో తెలియక చిల్లర పోయిందన్నాను.

చుక్క మళ్ళీ పెట్టాలని ప్రయత్నం చేశాను. నువ్వు రాసినట్టే భవాని కొత్త చీర సగానికి మడిచి, ఆ కొసన స్టూలు వేసి ఆమెను కూర్చోబెట్టాను. రింగు మీద తొమ్మిది అడుగుల దగ్గర ఆమె గోళ్ళరంగుతో అయిదు చుక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టాను. నాన్నలాగే కెమెరాలోకి చూడకుండా, వేలితో తడుముకుని నొక్కాను. ఒక ఫోటో దీనితో పంపుతున్నాను. ఎలా ఉందో నువ్వే చెప్పు.

ట్రేలు కడిగావని రాసినందుకు సిగ్గుగా ఉంది. ఆ ఉత్తరం చింపెయ్యి అక్కా.

నీ తమ్ముడు
సదానందం


నెక్కొండ,
3 జనవరి 2026

తమ్మి సదానందానికి,

ఫోటో చూశాను. భవాని ముఖం మసక. ఒళ్ళో పెట్టుకున్న చేతులు మాత్రం అద్దంలో చూసినట్టున్నాయి, గాజులు లెక్కపెట్టుకోవచ్చు. ఫోటోగ్రాఫర్ ఉప్పలయ్య కొడుకు పెళ్ళాం గాజుల ఫోటో తీశాడని మీ ఆదివారం గుంపులో చెప్పుకో.

ఎక్కడ తప్పిందో నేను ఇక్కడ కూర్చునే చెబుతాను. కొత్త చీరన్నావు కదా, జాకెట్టు ముక్క కత్తిరించకుండా కొలిచావు. దాంతో సగానికి అర అడుగో అడుగో ఎక్కువ వచ్చింది. స్టూలు వెనక్కి పోయింది, నీ చుక్క తొమ్మిది దగ్గరే ఉంది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డావు, ఇంట్లో పెళ్ళాం ఉంది, చీరకు జాకెట్టు ముక్క ఉంటుందని తెలియదా? కెమెరాలోకి ఒక్కసారి చూసినా తెలిసేది. కళ్ళు లేక నాన్న చూడలేదు. నీకు ఏం రోగం?

ఆ ఉత్తరం చింపలేదు, చింపను. పెట్టెలో పెట్టాను. నువ్వు మళ్ళీ పెద్ద మాటలు మాట్లాడిన రోజు తీసి చదివి వినిపిస్తాను. కుమారస్వామికి చెప్పినందుకు కోపం రాలేదు. రావాలి కదా అని రెండు రోజులు ఎదురు చూశాను. నాన్న పోయిన ఇరవై ఏడేళ్ళకు బయటి మనిషి ఒకడికి తెలిసింది. రాత్రి బాగా నిద్రపట్టింది.

ఇప్పుడు విను. నీ చుక్క చెరిపెయ్యి. రుద్దడం నీకు బాగానే వచ్చు. లెన్సూ కెమెరా తీసుకుని జాతరకు ముందే నెక్కొండ రా. అమ్మ చీర నా పెట్టెలో ఉంది, దానికి జాకెట్టు ముక్క లేదు. చుక్క నేను పెడతాను. పెట్టాక లెన్సు నా దగ్గరే ఉంటుంది, కెమెరా నీ దగ్గర ఉంటుంది. మరి జాతరకు ఏం చేయాలంటావా? ఉత్త కళ్ళతో చూసి రా, అది కూడా నువ్వు ఎప్పుడూ చేయలేదు. ఆ తర్వాత ఫోటో తీయాలనిపించినప్పుడల్లా ప్యాసింజర్ ఎక్కి రా. నేను ఏడేళ్ళు ఎక్కాను.

ఇంకొకటి. ఏడేళ్ళూ నేను "ఊఁ" అన్నానే గానీ ఒక్కసారి కూడా నొక్కలేదు. నాన్న నొక్కమనలేదు, నేను అడగలేదు. అడగకపోతే ఏమవుతుందో మొన్న తెలిసింది కాబట్టి ఈసారి అడుగుతున్నాను. వచ్చిన రోజు మా ఇంటి బెంచీ మీద నువ్వు కూర్చో. నీ గడ్డం నేనే సరిచేస్తాను, తొమ్మిది అడుగులు వెనక్కి నడిచిపోయి నేనే నొక్కుతాను.

చొక్కా ఇస్త్రీ చేయించుకుని రా.

దీవెనలతో
అక్క శోభారాణి